మూడో వేలు

బీఎడ్ కాలేజీలో ఆ రోజు పాఠం, టీచరు తన పనిని తానే పరిశీలించుకోవడం గురించి. లెక్చరర్ బోర్డు మీద డొనాల్డ్ షాన్ పేరు రాసి, పక్కన 1983 అని వేశారు. ఆయన పుస్తకం 'ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్' వచ్చిన ఏడు అది. పని చేస్తూనే ఆలోచించడం ఒకటి, చేశాక వెనక్కి చూసుకుని ఆలోచించడం మరొకటి. రెండూ పరీక్షకు ముఖ్యమన్నారు.

తర్వాత మేరీ బడ్ రో. అమెరికాలో టీచర్ల పాఠాలు టేపుల్లో విని లెక్కగట్టిందావిడ. ప్రశ్న అడిగాక టీచరు ఆగేది ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే నోరెత్తని పిల్లలూ మాట్లాడుతున్నారు.

"ఎందుకాగాలి?" అని అడిగి, "వాళ్లు ఆలోచించుకోడానికి" అని చెప్పి, లెక్చరర్ బోర్డు తుడిచేశారు.

ఇంటర్న్‌షిప్‌లో ఒక కుర్రాడికి జడ్పీ హైస్కూలు పడింది. రోజూ రిఫ్లెక్టివ్ జర్నల్ రాయాలి. సీనియర్ల జర్నల్ తెచ్చుకుని తేదీలు మార్చుకునేవాళ్లే ఎక్కువ. దిద్దేవాళ్లు చూసేదీ తేదీలే. ఈ కుర్రాడు మాత్రం సాయంత్రాలు కూర్చుని సొంతంగా రాశాడు.

మొదటి వారం: "తడిబట్ట ఎండలో ఎందుకు ఆరుతుందని అడిగాను. నేనే చెప్పేశాను."

రెండో వారం: "ఇవాళ కూడా నేనే చెప్పేశాను."

మూడో వారం నుంచి ప్రశ్న అడిగి, చెయ్యి వీపు వెనక పెట్టుకుని వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. క్లాసు కిక్కురుమనకపోతే అతనికి చెమటలు పట్టేవి.

ఒకరోజు అదే తడిబట్ట ప్రశ్న మళ్లీ అడిగాడు. మూడో వేలు మడుస్తుండగా కిటికీ పక్క పిల్ల లేచింది. ఆ పిల్ల గొంతు అతను వినడం అదే మొదలు.

"నీళ్లు ఆవిరైపోతాయి సార్. మరి రాత్రి ఆరేసినా ఆరుతుంది కదా?"

ఆ రాత్రి జర్నల్ రెండు పేజీలు నడిచింది. రాసింది కొట్టేసి, మళ్లీ రాశాడు.

లెక్చరర్ ఎర్ర ఇంకుతో దిద్దారు: "కొట్టివేతలు ఎక్కువ. ఫెయిర్ చేసి తేవలెను."

చేసి తెచ్చాడు.

వైవా రోజున బయటి ఎగ్జామినర్ వచ్చారు. జర్నల్ తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకున్నారు.

"దీన్నుంచి ఏం నేర్చుకున్నావు బాబూ?"

కుర్రాడు చేతులు వెనక్కి కట్టుకుని, మాట కూడదీసుకుంటున్నాడు.

ఒకటో వేలు మడవకముందే పక్క కుర్చీలోంచి లెక్చరర్ అందుకున్నారు:

"మూడు సెకన్లు ఆగడం నేర్చుకున్నాడండీ."