అంతా బుడ్డోడి కోసమే

ఆఫర్ లెటర్ వచ్చింది ఆయనకి. జీతం పెరిగిందీ ఆయనకే. హోదాకి ముందు ‘సీనియర్’ అన్న మాట తగిలిందీ ఆయనకే. సింగపూర్ వెళ్తున్నది మాత్రం మూడేళ్ళ బుడ్డోడి కోసం. ఎవరు పలకరించినా ఒకటే జవాబు: “మాదేముందండీ, అంతా వాడి కోసమే.” ఆ సమయానికి బుడ్డోడు సోఫా కింద దూరి తాతగారి కళ్ళజోడు పెట్టుకుని బల్లి కోసం వెతుకుతుంటాడు. వాడి అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఈ బుడ్డోడి నాన్న కూకట్‌పల్లిలో ఉంటాడు, విశాఖ మధురవాడలో ఉంటాడు, బెంగళూరు మారతహళ్ళిలోనూ తగులుతాడు. ముప్ఫయ్యయిదు లోపు వయసు. బ్యాంకుల సాఫ్ట్‌వేరో, క్లౌడో, ఇంట్లోవాళ్ళకి అర్థంకాని ఇంకేదో పని. అమెరికా హెచ్1బీ లాటరీలో పేరు రానంతకాలం ఆ దేశం గురించి గౌరవంగానే మాట్లాడాడు. సింగపూర్ ఖాయమయ్యాక “అక్కడ తుపాకుల గోల, పిల్లాడితో ఏం వెళ్తాం” అంటున్నాడు. హైదరాబాదు నుంచి విమానంలో నాలుగున్నర గంటలు. “తెనాలి బస్సుకి ఇంతకన్నా ఎక్కువ పడుతుంది నాన్నా” అని తండ్రికి నచ్చజెప్పాడు. “తెనాలి బస్సు చెయ్యెత్తితే ఆగుతుందిరా” అన్నారాయన.

వలసకి ముందు ఎక్సెల్ షీటు పుట్టింది. అద్దె, బడి, కరెంటు, పాలు, డాక్టరు, ఒక్కోదానికి ఒక్కో రంగు. కారు అన్న వరుస మాత్రం ఖాళీగా వదిలేశాడు. సింగపూర్‌లో కారు కొనాలంటే ముందు వేలంపాటలో సీఓఈ అనే హక్కుపత్రం పాడుకోవాలి. 1990 నుంచి ఇదే పద్ధతి. పత్రం గడువు పదేళ్ళు. 2023 అక్టోబరులో పెద్ద కార్ల కోటాకి ఆ కాగితం ఒక్కటే 1,50,001 సింగపూర్ డాలర్లు పలికింది. కారు ధర అదనం. రూపాయల్లోకి మార్చి చూసి, అది కూకట్‌పల్లి ఫ్లాటు ధర అని గ్రహించి, పక్క గడిలో ఇలా రాసుకున్నాడు: “నడిస్తే వాడి కాళ్ళు గట్టిపడతాయి.”

సామాను సర్దడం రెండిళ్ళ వ్యవహారం. కుక్కరు, ఇడ్లీ రేకులు, వాము, ఇంగువ, మూడు కవర్లలో చుట్టి టేపు వేసిన ఆవకాయ. లిటిల్ ఇండియాలోని ముస్తఫా సెంటర్లో గోంగూర పచ్చడి దాకా దొరుకుతుందని ఎవరు చెప్పినా ఈ సభలో చెల్లదు. అసలు పేచీ అత్తగారి మసాలా పొడి దగ్గర వచ్చింది.

“అత్తయ్యగారూ, ఇందులో గసగసాలు గానీ వేశారా?”

“వెయ్యకపోతే కూర చిక్కబడేది ఎలా బాబూ?”

“అక్కడ గసగసాలు నిషేధమండీ. మాదకద్రవ్యాల వాళ్ళు చూస్తారు.”

ఆవిడ డబ్బా వంకా, అల్లుడి వంకా మార్చి మార్చి చూసింది. నలభై ఏళ్ళుగా తను వండిపెట్టింది ఏమిటో ఆవిడకి అప్పుడే తెలిసింది. అల్లుడు చెప్పింది అబద్ధం కాదు. గసగసాలు నల్లమందు మొక్క గింజలే కాబట్టి మార్ఫిన్ అంటి ఉండొచ్చని సింగపూర్ వాటిని లోపలికి రానివ్వదు. డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ మటుకు ఆ సాయంత్రం వీధిలో అందరికీ “మా మసాలా పొడిని సింగపూర్ గవర్నమెంటు ఆపేసింది” అని కొంచెం గర్వంగానే చెప్పుకుంది.

బుడ్డోడి కాగితాల్లో టీకా కార్డు ముఖ్యం. పన్నెండేళ్ళ వరకూ వయసున్న విదేశీ పిల్లలు దీర్ఘకాలం ఉండటానికి వస్తే తట్టు, డిఫ్తీరియా టీకాలు వేయించినట్టు ముందే రుజువు చూపించాలి. 2019 ఫిబ్రవరి నుంచి ఇది నిబంధన. పిల్లల డాక్టరుగారి దస్తూరీలో అది డిఫ్తీరియానో, ఆయన సంతకమో తేల్చడానికి మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. ఆయనా కాసేపు చూసి, “వేసే ఉంటాలెండి” అన్నాడు.

బుడ్డోడి నాన్న ఒక నెల ముందు ఒంటరిగా వెళ్ళి, ఒక ఇంట్లో గది తీసుకున్నాడు. అక్కడ గది అద్దె ప్రకటనల్లో ‘లైట్ కుకింగ్’ అని తరచూ ఉంటుంది. అంటే గుడ్డు ఉడకబెట్టుకోవచ్చు, నూడుల్స్ చేసుకోవచ్చు. ఆయన నాలుగో రోజున పప్పు వండి, ఎండుమిర్చీ ఇంగువా వేసి తాలింపు పెట్టాడు. ఇంటావిడ దగ్గుతూ వచ్చి తలుపు తట్టింది. ఏమీ అనలేదు. కిటికీ తెరిచి వెళ్ళిపోయింది. ఆ మర్యాదకే ఆయన ఎక్కువ సిగ్గుపడి ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. భార్యకి ఫోన్లో చెప్పిన కారణం: “తాలింపు లేకపోతే వాడికి ముద్ద దిగదు కదా.” వాడికి దిగే ముద్ద అప్పటికి బ్రెడ్డూ జామూ.

దొరికిన ఇల్లు ఈతకొలను ఉన్న కాండో, అంటే ప్రైవేటు అపార్టుమెంటు. అద్దె చూసి భార్య కళ్ళు తేలేస్తే “వాడికి ఈత వస్తుంది” అన్నాడు. బుడ్డోడు ఒకసారి కాలు పెట్టి, నీళ్ళు చల్లగా ఉన్నాయని తీసేశాడు. మళ్ళీ ఆ ఛాయలకి పోలేదు. ఈత ఇప్పుడు నాన్నకి బాగా వచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఆ అద్దె భరించలేక సెంగ్‌కాంగ్‌లో హెచ్‌డీబీ ఫ్లాటుకి మారారు. హెచ్‌డీబీ అంటే ప్రభుత్వం కట్టించిన ఇళ్ళు. సింగపూర్ వాసుల్లో నలుగురిలో ముగ్గురికి పైగా వాటిలోనే ఉంటారు, కాబట్టి అందులో చిన్నతనమేమీ లేదు. ఈ సంగతి ఆయనకి కాండో అద్దె కడుతున్నప్పుడు తెలియదు. పైగా అక్కడ అద్దెకి దిగడానికి విదేశీయుల కోటా చూసుకోవాలి. మలేసియావాళ్ళు కాని విదేశీయుల ఇళ్ళు పేటలో 8 శాతం, బ్లాకులో 11 శాతం దాటకూడదు. మనవాళ్ళు ఒకరిని చూసి ఒకరు ఒకే బ్లాకు చుట్టూ మూగుతారని ముందే ఊహించినట్టుంది. ఈ మార్పుకి కారణం ఏం చెప్పాడో వేరే చెప్పాలా? “కింద పార్కులో వాడికి తోటిపిల్లలు ఉంటారు.” ఈసారి మాత్రం అది నిజమైంది. కింద జారుడుబల్ల దగ్గర ఒక మలయ్ పాప, ఇద్దరు చైనీస్ అన్నదమ్ములు వాడిని వారంలో తమలో కలిపేసుకున్నారు.

కాస్త వెనక్కి వెళ్తే, కుటుంబం దిగిన రోజు చాంగీ విమానాశ్రయంలో ఓ ముచ్చట జరిగింది. నాలుగు డాలర్లు కలిసొస్తాయని యాప్‌లో కారు పిలిచాడు. డ్రైవరు వచ్చి, బుడ్డోడిని తేరిపార చూసి, “క్యానాట్ లా” అని వెళ్ళిపోయాడు. 1.35 మీటర్ల ఎత్తు లేనివాళ్ళకి కారులో పిల్లల సీటు ఉండాలి. ట్యాక్సీలకి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, యాప్ కార్లకి లేదు. రంగురంగుల ఎక్సెల్ షీటులో ఇదొక్కటీ లేదు. ట్యాక్సీ వరసలో నిలబడి “చూశావా, ఇక్కడ పిల్లల భద్రత ఎంత బాగా చూస్తారో” అన్నాడు భార్యతో.

ఆవిడ సంగతి ఇంతవరకూ రాలేదు. ఆయన చెప్పే కథలోనూ ఇంతే ఆలస్యంగా వస్తుంది. హైదరాబాదులో ఎనిమిదిమంది ఆవిడ కింద పనిచేసేవారు. సింగపూర్‌లో ఆవిడ పేరు ముందు ‘డిపెండెంట్’ అని ఉంటుంది. నెలకి 6,000 డాలర్ల స్థిర వేతనం ఉంటే భార్యాపిల్లల్ని ఈ డిపెండెంట్ పాస్ మీద తెచ్చుకోవచ్చు. ఒకప్పుడు ఆ పాస్ మీదే చిన్న అనుమతిపత్రం తీసుకుని ఉద్యోగం చేసుకునేవారు. 2021 మే నుంచి అది పోయింది. ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాల్సిందే. “కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో, వాడి దగ్గర ఒకరుండాలి కదా” అన్నాడు బుడ్డోడి నాన్న. రెస్ట్ అంటే పొద్దున వాడిని దింపడం, బట్టలు వెదురు గడల మీద ఆరేసి కిటికీ బయటికి చాపడం, మధ్యాహ్నం వాన రాగానే వాటిని లోపలికి లాగడం, ఇంటర్వ్యూ మధ్యలో వాడికి విరేచనం. ఆవిడ ఏమండీ అని పిలిచే తీరులో తేడా వచ్చింది. ఆయన గమనించలేదు. గమనించే మనిషైతే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

బడి వాడిది కాబట్టి అక్కడ వాడే గురువు. ఫీజులో రాయితీ సింగపూర్ పౌరులైన పిల్లలకే, వీళ్ళు మొత్తం కట్టుకోవాలి. రోజూ గుమ్మం దగ్గర టీచరు జ్వరం చూస్తుంది, తర్వాత అరచేతులు చూపించమంటుంది, ఆపైన నోరు తెరవమంటుంది. చేతులూ కాళ్ళూ నోరూ పొక్కే హెచ్ఎఫ్ఎండీ అక్కడి చిన్నపిల్లల బడుల్లో మాటిమాటికీ వస్తుంటుంది. ఒక్క పొక్కు కనిపించినా పిల్లాడు ఇంటికే. బుడ్డోడికి ఈ తతంగం ఎంత నచ్చిందంటే, వీడియో కాల్‌లో తాతగారు కనబడగానే “చేతులు” అంటాడు. ఆయన చూపిస్తారు. తిప్పమంటాడు. తిప్పుతారు. “ఆ అను” అంటాడు. తెనాలి వరండాలో కూర్చుని, పై పళ్ళ సెట్టు ఒక చేత్తో పట్టుకుని, ఆయన ఆ అంటారు. “ఓకే, కెన్ గో” అని వాడు అనుమతిస్తేనే మాటలు మొదలవుతాయి. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ వాడి పడక వేళకి ఇక్కడ ఇంకా టీ తాగుతుంటారు. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి పరీక్షకి సిద్ధంగా ఉంటారు.

ఎంఆర్‌టీ రైల్లో 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకి, పెద్దవాళ్ళతో ఉంటే, టికెట్టు లేదు. ఆపైన ఏడేళ్ళలోపు వాళ్ళకి వేరే కార్డుంది, దానికి దరఖాస్తు పెట్టుకోవాలి. పాలు తాగు, పొడుగవుతావు అని రోజూ పోరే నాన్న, స్టేషన్లో ఎత్తు గీత దగ్గర కొంచెం మోకాళ్ళు వంచు నాన్నా అని గుసగుసలాడాడు. బుడ్డోడు మునివేళ్ళ మీద లేచి నిలబడి, చేతులు పైకెత్తి, “బిగ్ బాయ్!” అని స్టేషనంతా వినబడేలా అరిచాడు.

ఇటు బంధువులకి వేరే లెక్క తెలిసిపోయింది. జీతమెంత అని అడిగితే ఆయన “ఏదో, సరిపోతుంది” అని దాటేస్తాడు. కానీ అమ్మానాన్నల్ని దీర్ఘకాలం తెచ్చి పెట్టుకోవాలంటే నెల జీతం కనీసం 12,000 డాలర్లు ఉండాలని తెనాలిలో ఒక బాబాయిగారు కనిపెట్టారు. తాతగారూ బామ్మగారూ సింగపూర్ వెళ్ళి నెల తిరక్కుండా వెనక్కి రాగానే బాబాయిగారు వీధి అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పారు: “ఆరుకీ పన్నెండుకీ మధ్య.”

బుడ్డోడికి ఏడేళ్ళు నిండే సంవత్సరం జనవరిలో ఒకటో తరగతి. ప్రభుత్వ బడుల్లో విదేశీ పిల్లల వంతు చిట్టచివర, సీటు వస్తుందన్న హామీ లేదు. వచ్చినా మాతృభాష పేపరు ఒకటుంది. చైనీస్, మలయ్, తమిళం. భారతీయులకి ఇంకా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు లేదు. 1975 నుంచి అక్కడ తెలుగు సమాజం ఉంది, ఉగాది పచ్చడి ఉంది, బడి జాబితాలో మటుకు తెలుగు లేదు. వీళ్ళింట్లో వారం రోజులు చర్చ నడిచింది. అత్తగారిది తిరుపతి జిల్లా సూళ్ళూరుపేట, ఆవిడ తమిళం పక్షం. ఆయన హిందీ అన్నాడు. “మీకే రాదుగా?” అంది భార్య. “వాడితోపాటు నేర్చుకుంటా” అన్నాడు. వాడు మాత్రం కింద పార్కులో మలయ్ పాప దగ్గర అప్పటికే పది అంకెలు నేర్చేసుకుని, సతు, దుఅ, తిగ అంటూ మెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఈ మధ్య పీఆర్ కబురు నడుస్తోంది. శాశ్వత నివాసం వస్తే ఉద్యోగం పోయినా పెట్టె సర్దుకోనక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. కుటుంబంతోపాటు కొడుక్కీ పీఆర్ తీసుకుంటే, వాడు పదహారున్నరేళ్ళకి పేరు నమోదు చేయించుకుని, పద్దెనిమిదికి రెండేళ్ళు నేషనల్ సర్వీసు చేయాలి. 1967లో మొదలైన నిర్బంధ సైనిక శిక్షణ ఇది. ఉద్యోగం మీద వచ్చి మొదటి తరంలో పీఆర్ తీసుకున్న తండ్రికి మినహాయింపు. దాంతో పిల్లాడిని వదిలేసి మిగతావాళ్ళే దరఖాస్తు పెట్టుకునే ఇళ్ళూ ఉన్నాయి. బుడ్డోడి నాన్న ఇంతవరకూ నింపిన ప్రతి కాగితమూ వాడి పేరు మీదే నింపాడు. ఈ ఒక్కటీ వాడి పేరు లేకుండా నింపితే మంచిదా అని ఆలోచిస్తున్నాడు.

“ఇది ఎవరి కోసం?” అని భార్య అడిగింది. ఆయన లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళాడు.

చివరికి సంగతి తెనాలికి చేరింది. తాతగారు నోటి పరీక్ష పూర్తిచేసుకుని, పళ్ళు సర్దుకుని, అంతా విన్నారు.

“పొద్దున్నే ఎన్నింటికి లేపుతారట?”

“తెల్లారకముందే నాన్నా. పరిగెత్తిస్తారు, మట్టిలో పాకిస్తారు. పక్క కూడా వాళ్ళే వేసుకోవాలి.”

“మరి నీకు లేదట్రా అది?”

“నాకు మినహాయింపు.”

“అయ్యో” అన్నారు తాతగారు, నిజంగానే బాధపడుతూ.