ఉత్తర బెంగళూరు దాటితే ఉత్తర ధ్రువమే

బెంగళూరుకు దక్షిణం, తూర్పు, పడమర ఎక్కడో ఒకచోట ఆగుతాయి. ఉత్తరం మాత్రం ఆగదు. మొదట హెబ్బాళ అన్నారు, తర్వాత యలహంక అన్నారు. 2008లో దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం తెరిచాక ఉత్తరానికి రెక్కలే మొలిచాయి. చిక్కబళ్లాపురం దాటింది, బాగేపల్లి దాటింది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర రాష్ట్రమే మారిపోయినా గమనించినట్టు లేదు. ఇప్పుడు హిందూపురం, లేపాక్షి, పెనుకొండ అన్నీ భూములమ్మేవాళ్ల కరపత్రాల్లో ‘నార్త్ బెంగళూరు’లోనే ఉన్నాయి. ఈ లెక్కన ధర్మవరం జంక్షన్ ‘ఫార్ నార్త్’ అవుతుంది. ఇంకో రెండేళ్లు ఓపిక పడితే అనంతపురం గడియార స్తంభం దగ్గర ధ్రువపు ఎలుగుబంటిని చూపించి అడ్వాన్సు తీసుకుంటారు. (అసలు ఎలుగుబంట్లు మడకశిర కొండల్లోంచి ఊళ్ల మీదికి దిగుతూనే ఉంటాయి గానీ, వాటి ఫోటో కరపత్రంలో వేయరు.)

ఈ సుదూర ఉత్తరానికి సకుటుంబంగా తరలిపోయి, కరెంటు తీగతోనూ కొళాయి గొట్టంతోనూ సంబంధం తెంచుకుని బతకాలని నగరంలో ఒక వర్గం ఉవ్విళ్లూరుతోంది. ఆఫ్‌గ్రిడ్ జీవితమట. ఏర్పాట్లు ఒక పద్ధతిగా సాగుతాయి. మొదటి ఏడాది అలాస్కా వీడియోలు చూడాలి. అక్కడ ఓ గడ్డం మనిషి దుంగలతో ఇల్లు కట్టుకుని, చలికాలానికి కట్టెలు చీల్చి పేర్చుకుని, వేట మాంసం దాచుకుంటూ ఉంటాడు. ఇక్కడ మన ఇంజనీరు సర్జాపూర్ రోడ్డులో పదకొండో అంతస్తులో ఏసీ వేసుకుని అతన్ని చూసి నిట్టూరుస్తూ ఉంటాడు. రెండో ఏడాది ఎక్సెల్ షీటు మొదలవుతుంది. సోలార్ పలకలు ఎన్ని, బ్యాటరీలు ఎన్ని, కోళ్లు ఎన్ని, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పే పుస్తకాలు ఎన్ని. కంపోస్టు టాయిలెట్ సంగతి భార్యకు ఎప్పుడు చెప్పాలన్నది ఆ షీటులో చివరి గడి. అది ఎప్పటికీ ఎర్రరంగులోనే ఉంటుంది. ఇక అమ్మ ఉందంటే, ఆమె ఇదే సీమలో ఏదో పల్లెలో సగం వయసు చేదబావి దగ్గర గడిపిన మనిషి. ‘మళ్లీ తోడేకి నాకేం పనిలేదా నాయినా’ అని ఒక్కమాటతో షీటు మూసేస్తుంది.

పోనీ అలాస్కాను చూసి నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుందా అంటే, అక్కడ గండం డిసెంబరులో, మనకు గండం ఏప్రిల్‌లో. అక్కడ దాచుకోవలసింది కట్టెలు, ఇక్కడ దాచుకోవలసింది నీళ్లు. కట్టెలు పేర్చినచోటే ఉంటాయి.

పెనుకొండకు కుటుంబంతో తరలిరావడం కొత్తేమీ కాదు. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక తిరుమలరాయలు హంపి వదిలి ఇక్కడికే వచ్చాడు. ఆయన సామాన్ల జాబితా సెవెల్ రాసిన విజయనగర చరిత్రలో ఉంది: ఐదు వందల యాభై ఏనుగుల మీద ధనం. ఆఫ్‌గ్రిడ్‌కు పోయేవాడికి చేతిలో ఎంత ఉండాలో చెప్పడానికి ఇంతకన్నా నమ్మకమైన అంచనా నాకు కనిపించలేదు. అంత తెచ్చుకున్న వంశం కూడా పెనుకొండలో నిలవలేదు, కొన్నాళ్లకు చంద్రగిరి చేరింది.

ఇప్పుడొచ్చేవాళ్లకు ఏనుగులు లేవు, ఈఎంఐలున్నాయి. వీళ్లు ఆంధ్రా వైపే ఎందుకు తిరిగారంటే దానికో చట్టపరమైన కథ ఉంది. 2020లో సవరించేదాకా కర్ణాటక భూసంస్కరణల చట్టం రైతు కానివాడిని పొలం కొననిచ్చేది కాదు. సరిహద్దు ఇవతల ఆ అడ్డు లేదు. అందుకని ప్రకృతి మీద ప్రేమ సరిగ్గా చెక్‌పోస్టు దాటిన తర్వాతే పుట్టేది. ఇప్పుడు అక్కడ చట్టం మారింది గానీ, ఇక్కడ ప్రేమ పాతదైపోయి వదల్లేదు. ఎకరాన్ని ముక్కలు చేసి అమ్ముతారు. మన రైతు సెంట్లలో అమ్మితే వాళ్లు గుంటల్లో కొంటారు. పాతిక సెంట్లంటే ఎవరికీ ఆనదు, పది గుంటలంటే జమీందారీలా వినిపిస్తుంది. రెండూ ఒకటే. గట్టున నాలుగు శ్రీగంధం మొక్కలు, నాలుగు ఎర్రచందనం మొక్కలు నాటి, పదిహేనేళ్లకు కోటీశ్వరులవుతారని చెబుతారు. ఎర్రచందనం కొట్టాలన్నా తరలించాలన్నా అటవీశాఖ అనుమతులు కావాలన్న మాట ఆ పదిహేనేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుందిలే అని వదిలేస్తారు.

స్థలం చూపించడం మాత్రం ఎప్పుడూ అక్టోబరు, నవంబరుల్లోనే. వానలు వెలిసిన కొత్తలో పెనుకొండ కొండ పచ్చగా ఉంటుంది, కుంటల్లో నీళ్లుంటాయి, గాలి చల్లగా ఉంటుంది. కొత్త పెళ్లికొడుకును కూడా అత్తవారు ఇంత జాగ్రత్తగా చూపించరు. మే నెలలో సైట్ విజిట్ పెట్టిన మహానుభావుడెవరైనా ఉంటే చెప్పండి, పది గుంటలు నేనే తీసుకుంటాను.

నీళ్ల దగ్గర కాస్త ఆగాలి. ఈ ప్రాంతంలో ఏడాదంతా కలిపి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన మనదేనని సీమవాళ్లం గర్వమో బాధో తెలియని గొంతుతో చెప్పుకుంటాం. ఎక్సెల్ షీటులో ‘వాననీటి సంరక్షణ’ అని ఒక్క ముక్క రాసుంటుంది. లెక్క వేద్దాం. వెయ్యి చదరపు అడుగుల కప్పు, దాని మీద ఏడాది వాన, చిందిందీ ఆవిరైందీ తీసేస్తే నలభై వేల లీటర్లు చేతికొస్తాయి. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ప్రభుత్వ ప్రమాణం. నలుగురికి 540. అంటే దేవుడి వాన రెండున్నర నెలలకు సరిపోతుంది. మిగతా తొమ్మిదిన్నర నెలలు అలాస్కా వీడియోలు చూసుకోవచ్చు.

అప్పుడు బోరు గుర్తొస్తుంది. కొబ్బరికాయను అరచేతిలో పెట్టుకుని పొలమంతా నడిచే మనిషి వస్తాడు. కాయ నిక్కితే అక్కడ పాయింటు. ఐఐటీలో జియాలజీ చదివినవాడు కూడా ఈ ఘట్టంలో చెప్పులు విడిచి నిలబడతాడు. తర్వాత తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు లారీ వస్తుంది. ఐదు వందల అడుగుల్లో దుమ్ము, ఏడు వందల్లో దుమ్ము, వెయ్యి దగ్గర తడి మట్టి. కేసింగు, సబ్‌మర్సిబుల్ మోటారు, కేబులు. వెయ్యి అడుగుల లోతు నుంచి నీళ్లు లాగే మోటారుకు ఎన్ని సోలార్ పలకలు కావాలో అప్పుడు మళ్లీ షీటు తెరుస్తారు. పలకల ఖర్చు చూశాక పక్క రైతు కరెంటు స్తంభం వైపు ఒక చూపు పడుతుంది. ఆంధ్రలో 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. గ్రిడ్‌ను వదిలేసినవాడు గ్రిడ్ వాళ్ల దగ్గరికే పోయి, ‘అన్నా, మనది కూడా వ్యవసాయమే కదా, సర్వీసు ఇస్తారా’ అని అడగడం ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం.

అదీ కుదరకపోతే ట్రాక్టరు ట్యాంకరు. ఐదు వేల లీటర్లు, షీటులో లెక్క ప్రకారం తొమ్మిది రోజులు. ట్యాంకరులో నీళ్లు ఎక్కడివంటే ఊళ్లో ఇంకొకరి బోరువి. బిందెలు పట్టుకుని రోడ్డెక్కడంలో హిందూపురం ఆడవాళ్లకు ఉన్న అనుభవం రాజకీయ పార్టీలకు కూడా లేదు. ఆ ఊళ్లో నీళ్ల కోసం వరస కట్టినవాళ్ల ముందు నిలబడి, ‘మాకు కొళాయి వద్దండీ, మేం స్వచ్ఛందంగా వదులుకున్నాం’ అని చెప్పాలంటే మంచి గుండె కావాలి, మంచి పరుగు కూడా కావాలి.

ఎవరి నీళ్లు వాళ్లు తోడుకుని ఎవరితో సంబంధం లేకుండా బతకడం ఈ నేల మీద ఎన్నడూ సాగలేదు. 1388 నాటి శాసనం ఒకటుంది. పెనుకొండకు నీళ్లు కావాలని విజయనగర పాలకులు ఆజ్ఞాపిస్తే, సింగయభట్టు అనే జలసూత్ర నిపుణుడు హెన్నె నదిని, అంటే మన పెన్నను, కాలువ తవ్వి సిరువేరె చెరువుకు మళ్లించాడని అందులో ఉంది. ఆరు వందల ఏళ్లు గడిచాక కూడా పద్ధతి మారలేదు, దూరం పెరిగిందంతే. శ్రీశైలం వెనక జలాల దగ్గర మాల్యాలలో కృష్ణను పంపులతో ఎత్తి, మెట్టు మెట్టుగా పోసుకుంటూ, హంద్రీ–నీవా కాలువలో వందల కిలోమీటర్లు నడిపించి, పెనుకొండ పక్కన గొల్లపల్లి రిజర్వాయరులో నింపారు. ఆ నీళ్లను చూసే ఎర్రమంచి దగ్గరికి కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. పెద్ద పెద్ద మోటార్లు, కరెంటు తీగలు, కాలువలు, ఇంజనీర్లు, ఎన్నికలు, ధర్నాలు. పెనుకొండలో గ్లాసెడు మంచినీళ్ల వెనక ఇంత గ్రిడ్ ఉంది. ఆ గ్లాసు తాగి గ్రిడ్ వద్దంటే ఎలా?

సోలార్ సంగతి మరీ సరదా. ఇదే శ్రీసత్యసాయి జిల్లాలో నంబులపూలకుంట దగ్గర ఎన్టీపీసీ 2016లో 250 మెగావాట్ల సోలార్ కేంద్రం పెట్టింది. మన ఎండను తీగల్లోకెక్కించి పై ఊళ్లకు పంపుతున్నాం. ఆ పై ఊళ్లో ఒకాయన ఏమో ఆ తీగ తనకు వద్దని, బస్తాడు ఖర్చుపెట్టుకుని సొంత పలకలతో ఎండ దగ్గరికే వస్తున్నాడు. ఆయన బ్యాటరీలో లిథియం బహుశా ఆస్ట్రేలియాలో తవ్వి చైనాలో శుద్ధి చేసి ఓడలో తెచ్చింది. విద్యుత్ శాఖ లైన్‌మన్‌తో తప్ప ప్రపంచంలో అందరితోనూ సంబంధం ఉందన్నమాట.

ఇవన్నీ ఎవరు చూసుకుంటారు? వారంలో ఐదు రోజులు అయ్యగారికి బెంగళూరులో మీటింగులు. పలకల మీద దుమ్ము తుడవడానికి, మొక్కలకు నీళ్లు పెట్టడానికి, కోళ్లను పిల్లి నుంచి కాపాడటానికి ఒక కాపలా కుటుంబం ఉంటుంది. వాళ్లది రేకుల గది. కరెంటు ఊళ్లో ఉంది, ఇక్కడికి లాగితే స్వచ్ఛత చెడుతుంది. వాళ్ల పిల్లవాడు ఫోన్ చార్జింగ్ కోసం, ట్యూషన్ కోసం ఊళ్లోకి నడిచిపోతాడు. వచ్చిన బంధువులకు అయ్యగారు లేపాక్షి గుడిలో నేలను తాకని స్తంభం చూపించి, కింద గుడ్డ పోనిచ్చి ఆశ్చర్యపోతారు. దాని చుట్టూ నిలబడి కప్పు మోస్తున్న మిగతా స్తంభాల కింద ఎవరూ గుడ్డ పోనిచ్చి చూడరు.

ఆ పొలం అమ్మిన రైతు ఏమయ్యాడంటారా? తెల్లవారుజామున హిందూపురం స్టేషనులో బెంగళూరు పోయే రైలు ఎక్కేవాళ్లను చూడండి. మేస్త్రీలు, సెక్యూరిటీ గార్డులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. శనివారం కారులో ఉత్తరానికి వచ్చేవారి అపార్ట్‌మెంటు గేటు దగ్గర సలాము కొట్టేది వాళ్లలో ఎవరో ఒకరు. వాళ్లను ఒకసారి అడగనివ్వాలి: ‘కరెంటొద్దు, కొళాయొద్దు, మనుషులొద్దు. రోడ్డు మాత్రం నలభై అడుగులు ఎందుకు సామీ?’

కరెంటు లేకుండా పనిచేసే మనిషిని చూడాలంటే ధర్మవరం పోవచ్చు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగాడికి గ్రిడ్ అక్కర్లేదు, చేతులూ కాళ్లే మోటార్లు. కానీ ఆయన పట్టు ఒక ఊరి నుంచి, జరీ సూరత్ నుంచి, డిజైను ఒకరి నుంచి, పెట్టుబడి ఇంకొకరి నుంచి వస్తాయి. వాన గట్టిగా పడితే గుంటలోకి నీళ్లొచ్చి పని ఆగిపోతుంది. ఆ రోజు ఆయన దాన్ని ప్రకృతితో మమేకం అనడు.

మరి నిజంగా చేసినవాళ్లే లేరా అంటే ఉన్నారు, ఇక్కడే ఉన్నారు. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, మిత్రులూ చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు తీసుకుని టింబక్టు అని పేరు పెట్టుకున్నారు. పేరు చూస్తే లోకానికి అవతలి కొస. సోలార్ దీపాలు వాళ్లకూ ఉన్నాయి. అయితే వాళ్లు లోకం నుంచి తప్పించుకోవడానికి రాలేదు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల పొదుపు సంఘాలు, సేంద్రియ రైతుల సహకార సంస్థ, ఊరివాళ్లే కాపాడి పెంచుకున్న కల్పవల్లి అడవి. మూడు దశాబ్దాలు మీటింగులే మీటింగులు, జనమే జనం. ఆ కల్పవల్లి కొండల మీదికే గాలిమరల కంపెనీ రోడ్లు వేసుకుంటూ వస్తే, వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. కొండనెక్కినా వెతుక్కుంటూ వచ్చింది గ్రిడ్. దాంతో పోట్లాడటానికి బ్యాటరీలు పనికి రాలేదు, పక్క ఊళ్ల మనుషులు పనికొచ్చారు. ఇలాంటి విషయాలు కరపత్రంలో రాస్తే గజం కూడా అమ్ముడుపోదు గనుక రాయరు.

మూడో వేసవికి కథ ఒక కొలిక్కి వస్తుంది. పిల్లలకు ఇంటర్ కోచింగ్, అమ్మకు మోకాళ్లు, ఎండకు ఉబ్బిన బ్యాటరీలు. అప్పుడు అమ్మకం ప్రకటన రాయడానికి అయ్యగారికి చేతులు ఆడవు. శ్రమ తగ్గిద్దామని నేనే రాసి పెట్టాను, కావలసినవారు వాడుకోవచ్చు:

‘అమ్మబడును. నార్త్ బెంగళూరులో, లేపాక్షికి కూతవేటు దూరంలో పది గుంటల ప్రకృతి ఒడి. శ్రీగంధం మొక్కలు నాలుగు (ఒకటి బతికుంది). బోర్లు రెండు. కోళ్లు లేవు, పిల్లి ఉంది. కంపోస్టు టాయిలెట్, వాడలేదు. గేటు దాకా త్రీఫేజ్ లైను వచ్చింది, అప్లికేషను మేమే పెట్టాం. సైట్ విజిట్ నవంబరులో మాత్రమే.’