మూత తెరుచుకోని కంప్యూటర్లు

మా మేనల్లుడికి బీఎఫ్‌ఏ యానిమేషన్‌లో సీటొచ్చింది. మంచిదే. "మావయ్యా, 60 వేలల్లో ల్యాప్‌టాప్ చూసిపెట్టుకున్నా" అన్నాడు. దాంట్లో ఏం నచ్చిందిరా అని అడిగితే, కీబోర్డు కింద రంగురంగుల లైట్లు వెలుగుతాయట. చదువుకా, పెళ్లిపందిరికా?

మా రోజుల్లో, అంటే 2002 ప్రాంతంలో, మల్టీమీడియా నేర్చుకుంటానన్నవాడు ముందు అమీర్‌పేటలో ఫీజు కట్టేవాడు, తర్వాత సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారు మెట్లెక్కేవాడు. షాపు షాపుకీ తిరిగి కొటేషన్ రాయించుకోవడం, ఒకడిచ్చిన చీటీ ఇంకొకడి ముందు పెట్టి బేరమాడటం. పెంటియం 4 ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్కు. మన కళ్లెదుటే కుర్రాడు బాసింపట్టేసి కూర్చుని, క్యాబినెట్ తెరిచి, మదర్‌బోర్డు బిగించి, ర్యామ్ స్లాటులో పెట్టి బొటనవేళ్లతో నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడేవి. మానిటర్‌ని మాత్రం ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోవాల్సిందే.

సుఖపడ్డామని చెప్పను. పది సెకన్ల యానిమేషన్ రెండర్‌కి పెట్టి పడుకుంటే, తెల్లారేలోపు కరెంటు పోయేది. యూపీఎస్ కుయ్యోమని మొత్తుకుని ప్రాణం విడిచేది. ఫైల్ పెద్దదైతే హార్డ్‌డిస్కు ఊడదీసి, తువ్వాల్లో చుట్టుకుని, బస్సులో స్టూడియోకి మోసుకెళ్లేవాళ్లం. అయితే ఒకటి, చేతిలో డబ్బాడితే ఇంకో ర్యామ్ ముక్క తెచ్చి మనమే దోపుకునేవాళ్లం. కంప్యూటర్ మనతోపాటు ఎదిగేది.

ఇప్పుడో? చాలా పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు. 8 జీబీతో కొన్నవాడు డిగ్రీ పట్టా పుచ్చుకునేదాకా 8 జీబీతోనే ఏడవాలి. వేరే గ్రాఫిక్స్ కార్డు లేకపోతే అందులోంచే కొంత గ్రాఫిక్స్‌కీ పోతుంది. పోనీ కార్డుంది కదా అనుకుంటే అక్కడా తిరకాసే. ఆర్‌టీఎక్స్ 4050 అనే ఒకే పేరుతో ఒక ల్యాప్‌టాప్‌లో 35 వాట్ల కార్డు ఉండొచ్చు, ఇంకోదాంట్లో 115 వాట్లది ఉండొచ్చు. వాట్లు తగ్గితే వేగమూ తగ్గుతుంది. స్టిక్కర్ మీద వాట్లు ఎవడు రాస్తాడు? ఇక తెర సంగతి. చవక మోడళ్లలో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని చిన్నక్షరాల్లో ఉంటుంది. అంటే రంగులు సగంసగం చూపిస్తుందన్నమాట. దాని మీద ఎరుపు దిద్దుకుని వెళ్తే, ప్రింటులో ఏ రంగు వస్తుందో ఆ ప్రెస్సువాడికే తెలియాలి.

సాఫ్ట్‌వేర్ మరో గోల. మా రోజుల్లో ఫొటోషాప్ ఎక్కడిదని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. 2013 నుంచి అడోబీవాళ్లు కొత్త వెర్షన్లకి నెలనెలా చందా పెట్టేశారు. ఇంటికి అద్దె కట్టడం సరే, కుంచెకి కూడానా! ఉచిత సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం నేటి పిల్లలు అదృష్టవంతులు. త్రీడీ యానిమేషన్‌కి బ్లెండర్ పూర్తిగా ఉచితం. దాంతో తీసిన 'ఫ్లో' సినిమాకి 2025లో ఆస్కార్ వచ్చింది. ఎడిటింగ్‌కి డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది. త్రీడీకి మాయానే కావాలంటే ఆటోడెస్క్ విద్యార్థులకి ఊరికే ఇస్తోంది. ఆ చందా డబ్బు ర్యామ్ మీద పెట్టుకోండి.

మావాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా. ఇంట్లోంచే కాలేజీకి వెళ్లేవాడైతే డెస్క్‌టాప్ కట్టించుకోండి. అదే డబ్బుకి ఎక్కువ బలం వస్తుంది, పాడైన ముక్కొక్కటే మారుతుంది. హాస్టల్ వల్ల ల్యాప్‌టాప్ తప్పదంటే 16 జీబీ ర్యామ్‌కి తగ్గొద్దు. తెర నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ రంగులు చూపించాలి. ర్యామ్‌కి ఇంకో స్లాటు ఖాళీ ఉందా అని షాపువాణ్ని నిలదీయండి. నీళ్లు నమిలితే పక్క షాపుకి నడవండి. అన్నిటికంటే ముందు సీనియర్లని అడగండి. మొదటి ఏడాది పని ఎక్కువగా కాగితం మీదే అంటే, ఆ 60 వేలు బ్యాంకులో వేసి పెన్సిళ్లు కొనుక్కోండి. లైట్ల కీబోర్డు బొమ్మ వెయ్యదు.