చీటీ యాడప్పా?

కర్నూలు, కడప జిల్లాల్లో ఏ తిరునాలకు పోయినా గుడి గోపురం కన్నా ముందు కనబడే మనిషి ఒకడున్నాడు. మెడలో ఈల, భుజాన తువ్వాలు, ఒక చేతిలో చీటీల కట్ట, ఇంకో చేతిలో సుద్దముక్క. గొంతు పొద్దున తొమ్మిదికల్లా బొంగురుపోయి ఉంటుంది. ఆయనే సైకిల్ స్టాండు ఆసామి. "దేవునికి తరవాత మొక్కుకుందువులేప్పా, ముందు బండి సక్కంగా నిలబెట్టు" అనే ఆయన మేలుకొలుపు శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరైనా, శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గరైనా ఒకే శ్రుతిలో ఉంటుంది. ఆయన్ను మెచ్చుకున్న భక్తుడు ఇంతవరకు పుట్టలేదు. చిల్లర లేదంటాడు. కసురుతాడు. కొత్త పెళ్లికొడుకునైనా "ఓయ్" అనే పిలుస్తాడు. ఇన్ని అవగుణాలున్న ఈ పెద్దమనిషి తరఫున వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం. వేలమంది చేరిన చోట సైకిలు పోకుండా కాపాడుతున్నది తాళమూ కెమెరా కావు, ఈయన చిరాకే అని నా వాదన.

ముందు దొంగ వైపు నుంచి ఆలోచిద్దాం. ఈ విషయంలో అనుభవజ్ఞుడు అతనే. పల్లెలో సైకిలు ఎత్తుకుపోవడం కష్టం. ఒకరి సైకిలు ఇంకొకరు తొక్కితే రచ్చబండ మీది ముసలాయన ఊరికే ఉండడు, "ఇది మీ మామ సైకిలు గదరా, నీకెట్ల వచ్చె?" అంటాడు. తిరునాలలో ఆ ముసలాయన లేడు. వచ్చినవాళ్లంతా ఒకరికొకరు కొత్త. హ్యాండిల్ పట్టుకుని నింపాదిగా నడిచే ప్రతివాడూ ఆ సైకిలు సొంతదారు లాగే కనిపిస్తాడు. పరుగెత్తితే అనుమానం, నెమ్మదిగా పోతే మర్యాద. ఇక తాళం సంగతి. మన సైకిళ్లకు వెనక చక్రం దగ్గర బిగించే గుండ్రటి తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతవరకే దాని పని. సైకిలును దేనికీ కట్టేయదు. క్యారియర్ పట్టి వెనకభాగం పైకెత్తి, ముందు చక్రం మీద దొర్లించుకుంటూ పోతే జనం "పాపం, తాళంచెవి యాడో పారేసుకున్నట్టుండాడు" అని దారి ఇస్తారు. పుణ్యక్షేత్రం కాబట్టి ఓ చెయ్యి వేసి సాయం పట్టేవాళ్లు కూడా దొరుకుతారు. పైగా మోటారు సైకిలుకున్నట్టు దీనికి నంబరు పలక లేదు, రిజిస్ట్రేషన్ కాగితం లేదు. ఒకప్పుడు మునిసిపాలిటీలు సైకిలుకు పన్ను కట్టించుకుని ఒక లోహపు బిళ్ళ ఇచ్చేవి, ఆ ముచ్చటా తీరిపోయింది. ఫ్రేము మీద కంపెనీ వాళ్లు చెక్కిన అంకె ఉంటుంది గానీ, తన పెళ్లిరోజు గుర్తుండనివాడికి ఫ్రేము నంబరు గుర్తుంటుందా? కొన్ననాటి రసీదు ఏ చెదల పాలయిందో. అంటే ఈ సైకిలు నాదని చెప్పుకోవడానికి మనిషి దగ్గర నోరు తప్ప ఏమీ లేదు. నోరు దొంగకూ ఉంది.

ఆ లోటు తీర్చేవాడు మన స్టాండు ఆసామి. ఆయన చేసే మొదటి పని, నాలుగు దిక్కులా తెరిచి ఉన్న బయలుకు ఒకే వాకిలి మిగల్చడం. వేపచెట్టు నుంచి రాతి కూసానికి, కూసం నుంచి కరెంటు స్తంభానికి తాడు కడతాడు. ఆ తాడును మేకపిల్ల కూడా దాటగలదు. సైకిలుతో సహా దాటాలంటే మాత్రం నలుగురి కళ్లూ పడతాయి. రెండో పని చీటీ. ఒకే అంకె వేసిన రెండు ముక్కల్లో ఒకటి హ్యాండిల్‌కు, ఇంకొకటి మన చేతికి. చీటీలు అయిపోతే సీటు మీద సుద్దతో అంకె. బయటికి పోయేటప్పుడు రెండూ కలవాలి. ప్రభుత్వం ఇవ్వని యాజమాన్య పత్రాన్ని ఆయన అర నిమిషంలో, వేలు నాలుకకు అద్దుకుని, చర్రున చించి ఇస్తాడు. మూడోది అన్నిటికన్నా గొప్పది, తిట్లన్నీ తినేది కూడా దానికే: సైకిళ్లను కుక్కడం. హ్యాండిల్‌లో హ్యాండిల్ ఇరుకుతుంది, పెడల్ పోయి పక్కదాని చక్రం పుల్లల్లో దూరుతుంది. ఆదోని వైపు నల్లరేగడిలో వాన పడితే స్టాండు నేలలోకి దిగబడుతుందని దాని కింద ఒక బండ ముక్క. ఇలా పేర్చిన వరసలోంచి ఒకటి లాగాలంటే నాలుగు జరపాలి, రెండు బెల్లులు మోగాలి, చివరకు వరసంతా గలగలమని ఒరిగిపోవాలి. సొంతదారుకే ఇంత ఆపసోపాలైతే దొంగ గతి ఏమిటి? చప్పుడు లేకుండా తీయలేని వస్తువుకు వేరే అలారం ఎందుకు? భక్తులు దీన్ని మోటుతనం అంటారు. నేను శాస్త్రం అంటాను.

ఆయనకు ముఖాలు గుర్తుండవు, సైకిళ్లు గుర్తుంటాయి. పిడులకు వేలాడే కుచ్చులు, పుల్లల్లో గుచ్చిన రంగు పూసలు, మడ్‌గార్డు మీద కూతురి పేరు, క్యారియర్‌కు చుట్టిన ట్యూబు ముక్క, అన్నీ ఆ బుర్రలో నమోదవుతాయి. "ఆ పచ్చకుచ్చుల బండి తెచ్చింది గడ్డమాయప్ప గదా, నువ్వెవురు?" అని నిలదీస్తాడు. సైకిలుకు సింగారాలు చేసేవాణ్ని చూసి చదువుకున్నవాళ్లు నవ్వుతారు గానీ, దొంగ కోరుకునేది బజారులో వందలో ఒకటిగా కలిసిపోయే బోసి సైకిలునే. ఇక ఆసామికి అసలు పరీక్ష జనం తిరుగుముఖం పట్టినప్పుడు. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రిపూట పండు వెన్నెల్లో జరుగుతుంది. తలంబ్రాలు అయ్యాక అందరికీ ఒక్కసారే ఇల్లు గుర్తొస్తుంది. ఆ తోపులాటలో ఆయన భాష రెండు మాటలకు కుదించుకుపోతుంది: "చీటీ యాడప్పా?" ఉగాదినాడు దేవుని కడపకు ముస్లింలు వస్తారు, కడప పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు పోతారు, ఆయన మతం అడగడు, కులం అడగడు, చీటీ అడుగుతాడు. దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహం ఏ ఊరివాళ్లకు దక్కాలనే దాని మీద కర్రలు లేస్తాయి. అదే జిల్లాలో సైకిలు ఎవరికి దక్కాలనే తగాదా బొటనవేలంత కాగితంతో తీరిపోతున్నదంటే ఆ పేరు ఈయనకే రావాలి.

ఇదేదో మన సీమకే పట్టిన మోజు అనుకోవద్దు. 1948లో ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' సినిమాలో పోస్టర్లు అంటించే పనివాడి సైకిలు పోయేది గోడకు ఒంటరిగా ఆనించి ఉన్నప్పుడు. చివరకు దిక్కుతోచక తనే దొంగతనానికి దిగినప్పుడు కూడా అతను స్టేడియం బయట బారులు తీరిన సైకిళ్ల జోలికి పోడు. ఒక వాకిలి దగ్గర ఒంటిగా ఉన్నదాని మీద చెయ్యి వేస్తాడు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ రైల్వే స్టేషన్ దగ్గర 12,500 సైకిళ్లు పట్టే స్టాండు 2019లో పూర్తయింది. ఎంత ఖరీదైన తాళమైనా కొనుక్కోగల దేశం కూడా ఆఖరికి కాపలా మనుషులనే నమ్ముకుంది. అక్కడ మొదటి 24 గంటలు డబ్బు తీసుకోరు. ఆ ఒక్క విషయంలో మన ఆసామి వాళ్లను పిచ్చివాళ్ల కింద జమ కడతాడు.

"మా తాళం మాకు చాలు" అనే వర్గం ఒకటుంది. వీళ్లు స్టాండు చిల్లర మిగిల్చుకోవడానికి సైకిలును అరమైలు అవతల చింతచెట్టుకు గొలుసుతో కట్టి, చక్రానికి ఇంకో తాళం వేసి, బెల్లు మూత విప్పి జేబులో వేసుకుని దర్శనానికి పోతారు. చూపు దేవుడి మీద, మనసు చింతచెట్టు మీద. గొలుసు దండగ అని నేననను. చెట్టుకు కట్టిన సైకిలును ఊరికే ఎత్తుకుపోలేరు. కానీ ఎవరూ చూడని చోట గొలుసు చేయగలిగేది కాసేపు ఆలస్యం, అంతే. స్వామివారు ఊరేగింపు ముగించుకుని వచ్చేదాకా దొంగకు తొందరేముంది? "మరి చీటీ పారేసుకుంటేనో?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆసామి అలాంటివాణ్ని పక్కన నిలబెట్టి, "అందురూ పోనీ, మిగిలింది నీదే" అంటాడు. వినడానికి దౌర్జన్యంగా ఉన్నా తర్కంలో లోపం లేదు. అంత ఓపిక లేదంటే పరీక్ష పెడతాడు: సీటు కవరు ఏ రంగు, క్యారియర్‌కు ఏం కట్టినావు, చెవి పెట్టి తాళం తిప్పి చూపించు. ఆపైన మీ ఊరి మనిషి ఒకరి పూచీ, నోటుపుస్తకంలో సంతకం. తాళం అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. దొంగను ఆపడంలో అరకొరగా పనికొచ్చే ఆ వస్తువు, సొంతదారు ఎవరో తేల్చడంలో చక్కగా పనికొస్తుంది. ఎవరి చెవి పెట్టినా తెరుచుకునే పాతకాలపు సరుకైతే నేను హామీ ఇవ్వలేను.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణను ఆయనే బోర్డు మీద రాయించి పెట్టుకున్నాడు: "వాహనములు పోయిన యెడల మాకు బాధ్యత లేదు." మరి డబ్బు దేనికి? ప్రశ్న న్యాయమైనదే, బోర్డే అన్యాయం. ఒకరి వస్తువును అప్పగింతగా తీసుకున్నవాడు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సిబ్బందికి అప్పగించిన కారు పోయిన కేసులో, 'యజమాని పూచీ మీదనే' అని చీటీ మీద అచ్చు వేసినంత మాత్రాన సొంత నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు 2019 నవంబరులో తేల్చింది. అంత హోటల్‌కు లేని మినహాయింపు గోనెపట్టాల పందిరికి ఎక్కడిది? అయితే ఆసామిని దగ్గరగా చూస్తే ఆ బోర్డును ఆయనే నమ్మడని తెలుస్తుంది. బాధ్యత లేదనుకున్నవాడు పొద్దస్తమానం అంత అరుస్తాడా? ఒక్క సైకిలు పోతే దాని సొంతదారు, బామ్మర్దులు, ఊరివాళ్లు ట్రాక్టరు నిండా వచ్చి దిగుతారని ఆయనకు తెలుసు. సీమలో అది 151వ సెక్షన్ కన్నా త్వరగా అమలయ్యే నిబంధన.

ఇప్పుడు పెద్ద ఉత్సవాలకు పోలీసులు కెమెరాలు పెడుతున్నారు, డ్రోన్లు ఎగరేస్తున్నారు, ఇంకా ఈ సుద్దముక్క ఎందుకు అంటారు. తప్పిపోయిన పిల్లలను వెతకడానికి, తొక్కిసలాటను ముందే పసిగట్టడానికి కెమెరా ఉండాల్సిందే. సైకిలు విషయంలో మాత్రం ఒకడు తోసుకుపోయాడని చూపిస్తుంది. తోసుకుపోయినవాడు సొంతదారా కాడా అని అడిగే నోరు దానికి లేదు. దొంగ దొరికాడే అనుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. సొత్తు విలువ 5,000 రూపాయలకు లోపైతే, మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తు తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. పాతబడ్డ సైకిళ్లలో చాలావాటి వెల ఆ గీతకు కిందే. ఆ సేవేదో ఒక బ్రహ్మోత్సవం పొడుగునా మన ఆసామి దగ్గర చేయిస్తే వాడు మళ్లీ సైకిలు ముఖం చూడడు.

"అసలు సైకిళ్లెక్కడివయ్యా, అందరూ మోటారు బండ్ల మీద వస్తుంటే" అనేవాళ్ల మాట చాలావరకు నిజం. స్టాండులో సైకిళ్ల వరస ఏటేటా కురచవుతోంది. కానీ ఇప్పటికీ సైకిలు మీద వచ్చేవాడు బొరుగులు అమ్ముకునేవాడో, కూలికి పోయేవాడో. అది పోతే వాడికి మర్నాడు పని పోతుంది, బీమా కంపెనీ పలకరించదు. 'బడికొస్తా' పథకం కింద ఆడపిల్లలకు సర్కారు గంపగుత్తగా కొనిచ్చిన సైకిళ్ల లాంటివైతే అన్నీ ఒకే అచ్చు, ఏది ఎవరిదో చీటీ లేకుండా బ్రహ్మంగారు కూడా చెప్పలేరు.

దేవాదాయ శాఖ గుళ్లలో కొబ్బరికాయల అంగళ్లు, తలనీలాలతో పాటు వాహనాల రుసుము వసూలు హక్కు కూడా వేలంలో పోతుంది. ఎక్కువ పాడినవాడిది స్టాండు. వాడు చీటీ చించకుండా చెయ్యి మాత్రం చాపే కుర్రాళ్లను నిలబెడితే నేను పైన చెప్పినదంతా గాలికి పోతుంది. అందుకని ఆలయ అధికారులకు, పంచాయతీలకు ఒక మనవి. వేలం షరతుల్లో ఎంత కట్టాలో రాసిన కాగితం మీదే జంట చీటీ, ఒకటే వాకిలి, రాత్రికి దీపం, ఆఖరి సైకిలు కదిలేదాకా ఒక మనిషి ఉండాలని కూడా రాయండి. బాధ్యత లేదనే బోర్డు పీకించండి. భక్తులకు చెప్పేది ఒకటే: చీటీని కొబ్బరిచిప్పల సంచిలో వేయకండి. తడిస్తే అంకె చెరిగిపోతుంది, ఆయన ఒప్పుకోడు.