ట్యాంకు జోలికి పోవద్దు

ఆదివారం పొద్దున బౌద్ధనగర్ గల్లీలో పాలప్యాకెట్ల కంటే ముందు పెట్రోలు వాసన గుప్పుమందంటే, రిటైర్డ్ ఫిట్టర్‌గారు చేతక్ విప్పారన్నమాట. సీతాఫల్‌మండి నుంచి వారాసిగూడ దాకా గల్లీకొక ఫిట్టర్‌గారైనా తగులుతారు. 1893లో నిజాం రైల్వే పెట్టిన లాలాగూడ వర్క్‌షాపు అంత దగ్గర్లో ఉన్నాక తగలక ఏం చేస్తారు? ఉద్యోగమంతా రైలు పెట్టెలు విప్పి బిగించిన చేతులు పింఛను రాగానే ఒళ్లో పెట్టుకు కూర్చోమంటే కూర్చోవు. మిక్సీ విప్పబోతే భార్య ఒప్పుకోదు. మిగిలింది స్కూటరే.

అది కూడా మామూలు స్కూటరా! బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూస్తే గాని చేతికి రాని రోజుల్లో వచ్చింది. దాన్ని మెకానిక్‌కి ఇవ్వడమే? ఆయన దృష్టిలో షాపులో ఉన్నవాళ్లంతా ‘పిలగాళ్లు’, వాళ్లకి నలభై దాటినా సరే.

ముందు పెట్రోలు బంద్. తర్వాత కుడి పక్క డొప్ప ఊడుతుంది. గాలి డబ్బా మూత, పైపు, రెండు పొడుగాటి బోల్టులు, చివరికి కార్బురేటర్. అన్నీ వరసగా పాత పేపరు మీదికి చేరతాయి. సినిమా పేజీ మీద జెట్లు, రియల్ ఎస్టేట్ పేజీ మీద బోల్టులు. సంపాదకీయం చేతులు తుడుచుకోవడానికి.

ఇక సహాయకుడు కావాలి. ఓయూ పక్కనే గది తీసుకుని గ్రూప్స్‌కి చదివే కుర్రాడు టీకని బయటికి రావడమే ఆలస్యం, “బిడ్డా, జర ఫోన్ల లైటు కొట్టు” అంటారు. పట్టిన పాపానికి పాఠం వినాలి. జెట్టు బెజ్జం మిల్లీమీటరు కూడా ఉండదు. పెట్రోలు నిలవుంటే జిగురు తేలి అందులో అడ్డం పడుతుంది, బండి ఎత్తు మీద దగ్గుతుంది. “గండ్ల సూది వెట్టి పొడిచెటోడు మెకానిక్ కాదు, ఖూనీకోరు. బెజ్జం పెద్దగైతది, పెట్రోలు మస్తు తాగుతది.” ఆయనైతే నోటితో ఊదుతారు. ఊదాక ఒకసారి ఉమ్మి, ఆ పెట్రోలు ఏ బంకులో పోయించిందో చెప్పేస్తారు. రేషన్ షాపులో నీలం కిరసనాయిలు దొరికిన కాలాన్ని తలచుకుని ఒక నిట్టూర్పు కూడా ఉంటుంది.

ఇలాంటి గల్లీలో ఎదురు మేడ మీద తార్నాక ఐఐసీటీలో పనిచేసి రిటైరైన రసాయన శాస్త్రవేత్త ఒకరు ఉండటం విధి వైపరీత్యం. “ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలే అండీ. అది గాల్లో తేమను లాగుతుంది. పాత రబ్బరు పైపులను పాడుచేస్తుంది, ఎప్పటిదో ట్యాంకులో పేరుకున్న మడ్డిని కూడా కదిలిస్తుంది” అని ఆయన పైనుంచి వివరంగా చెబుతారు. ఫిట్టర్‌గారు కింద దాన్ని ఒక్క ముక్కలో తేలుస్తారు: “ఇన్నవా బిడ్డా? నీళ్లు కలుపుతున్నరట.”

2020లో బజాజ్ వాళ్లు చేతక్ పేరుతోనే బ్యాటరీ స్కూటరు తెచ్చారు. అల్లుడు ముచ్చటపడి ఒకటి కొని తెచ్చి చూపిస్తే, ఫిట్టర్‌గారు చుట్టూ తిరిగి, వంగి, కిందికి తొంగి చూశారు.

“కార్బురేటర్ ఏడుంది?”

“ఉండదు మామయ్యా.”

“మరి ఆదివారం ఏం జేస్తవ్?”

గ్రూప్స్ కుర్రాళ్లకు లాజిక్ ఎక్కువ. ఫోను పట్టీ పట్టీ చెయ్యి లాగినవాడు ఒకడు అడగనే అడిగాడు: “అంకుల్, చెత్త ట్యాంకులకెల్లి వస్తుంటే, కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగితే ఏం ఫాయిద?”

ఫిట్టర్‌గారికి ఆ క్షణంలో చెవుడొచ్చింది.

ఆయనకు తెలియక కాదు. ట్యాంకు సగం ఖాళీగా పెడితే లోపలి గాల్లో తేమ రేకుకు పట్టి తుప్పవుతుంది. ఆ తుప్పే సీటు కిందనుంచి పెట్రోలుతోపాటు దిగి జెట్టు దాకా వస్తుంది. ట్యాంకు దించి, గుప్పెడు చిన్న నట్లు వేసి గలగలా ఊపి, కడిగి, ఎండబెట్టి, కొత్త పైపు వేస్తే ఒక్కపూటలో పీడ వదులుతుంది. వదిలాక వచ్చే వారం సంగతేమిటి?

ఆ సంగతి ఇల్లాలికి ఇంకా బాగా తెలుసు. టీ గ్లాసు అందిస్తూ కుర్రాడి చెవిలో వేసింది: “నీకు దండం పెడ్త బిడ్డా, ట్యాంకు జోలికి పోకు. అది బాగైతే ఈయన వంటింట్లకొస్తడు.”

కుర్రాడు వినలేదు. మెయిన్స్ వాయిదా పడ్డ ఖాళీలో, నేస్తాన్ని వెంటేసుకుని ట్యాంకు దించాడు, ఊపాడు, కడిగాడు. పెద్దాయన అడ్డం పడలేకపోయారు. పడితే సిద్ధాంతం ఒప్పుకోవాలి. ఆదివారం వచ్చింది. ఒక్క కిక్కు. బండి స్టార్టయింది. ఫిట్టర్‌గారి మొహం చూసి శాస్త్రవేత్తగారు మేడ దిగి వచ్చి పలకరించారు, ఎవరైనా పోయారేమోనని. మధ్యాహ్నానికి పోపుల డబ్బాలోని గిన్నెలన్నీ సైజుల వారీగా మారిపోయాయి.

సోమవారం తెల్లారే ఇల్లాలు ఆయన్ను వాకింగ్‌కి తరిమింది. ఆర్ట్స్ కాలేజీ వైపు నడుస్తుంటే గడ్డి కోసే మిషన్ ఒకటి ఆగి, దగ్గి, మళ్లీ అందుకుంది. ఫిట్టర్‌గారి కాళ్లు ఆగాయి.

“తమ్మీ, పెట్రోలు బంద్ జెయ్.”

“మీరెవరు సార్?” అన్నాడు మాలి.

పెద్దాయన అప్పటికే గడ్డి మీద చతికిలబడి, జేబులోంచి పానా తీస్తున్నారు.