నాలుగు వాక్యాల ఉత్తరం

నేను లివర్ డాక్టర్ని. గుంటూరులో చదువుకుని అమెరికా వచ్చి పాతికేళ్లు దాటింది. ఈ వయసులో ఒక పెద్దాయనకు అన్యాయం చేశాను. దురుద్దేశంతో కాదు, తొందరపాటుతో.

ఆయన వియత్నాం యుద్ధంలో పనిచేసిన సైనికుడు. హెపటైటిస్ సి వల్ల లివర్ గట్టిపడిపోయింది. 1968లో శిక్షణ శిబిరంలో కుర్రాళ్లను వరసగా నిలబెట్టి, సూది లేని గన్నుతో టీకాలు వేశారట. చొక్కా చెయ్యి మడిచి, "నా ముందువాడి భుజం మీద నెత్తురు కారుతూనే ఉంది. ఆ గన్నే తుడవకుండా నాకు పెట్టారు" అన్నాడు. ఆ వైరస్‌ను కనిపెట్టిందే 1989లో. 1968లో ఎవరు జాగ్రత్తపడతారు?

వైకల్య పరిహారం కోసం ఆయన ఉత్తరం అడిగితే, ఇద్దరు పేషెంట్ల మధ్య నాలుగు వాక్యాలు రాసిచ్చాను. "ఆ టీకాల వల్ల వచ్చి ఉండవచ్చు" అన్నాను. అది శాస్త్రానికి తగ్గ వినయం అనుకున్నాను. దరఖాస్తు తిరగ్గొట్టారు. డాక్టరు చెప్పింది వట్టి ఊహ అన్నారు.

అప్పుడు కూర్చుని నిబంధనలు చదివాను. సర్వీసే కారణమయ్యే అవకాశం సగానికి తగ్గదని చెబితే చాలు, అనుమానం సైనికుడి పక్షానే తీరుస్తారు. గన్నుతో ఈ జబ్బు అంటినట్టు శాస్త్రీయ ఆధారం లేకపోయినా, అంటడం సాధ్యమేనని మాజీ సైనికుల శాఖే 2004లో ఒప్పుకుంది. అయితే డాక్టరు మిగతా దారులన్నీ పరిశీలించి, గన్నే ఎందుకో కారణం చెప్పాలి. నేను ఒక్క దారీ పరిశీలించలేదు.

ఆయన్ని మళ్లీ పిలిపించాను. రక్తం ఎక్కించారా, పచ్చబొట్టు ఉందా, మత్తుమందు సూదులు వాడారా అని వరసగా అడిగాను. అన్నిటికీ లేదన్నాడు. కాసేపాగి, "మత్తుమందు సంగతి అందరూ మనసులో అనుకున్నవాళ్లే డాక్టర్, నోరు తెరిచి అడిగింది మీరే" అన్నాడు. నేనూ మొదట అలా అనుకున్నవాణ్ణే. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

ఈసారి ఉత్తరం మూడు పేజీలైంది. "ఉండవచ్చు" అన్నచోట "అవకాశం సగానికి తక్కువ కాదు" అని, ఎందుకో రాశాను. తిరస్కరించిన ఏడాదిలోపు కొత్త ఆధారంతో మళ్లీ దరఖాస్తు వేస్తే, పరిహారం లెక్కకు మొదటి దరఖాస్తు తేదీ పోదు. గడువుకు తొమ్మిది రోజుల ముందు పంపాం.

జవాబింకా రాలేదు. ఆ నిర్ణయం నా చేతిలో లేదు. ఆ మొదటి ఉత్తరం మాత్రం నా చేత్తో రాసిందే.