సొంతబండి మావ

ఖరగ్‌పూర్ తెలుగువాడికి సొంతమంటూ ఉండేవి చాలా తక్కువ. ఉద్యోగం రైల్వేది. క్వార్టరు రైల్వేది. క్వార్టరు ముందు కొళాయి రైల్వేది, అందులో నీళ్లొచ్చే వేళా రైల్వేదే. పెళ్లాంపిల్లల్ని ఊరికి తీసుకెళ్లే పాసు రైల్వేది, జ్వరమొస్తే మింగే మాత్ర రైల్వే ఆసుపత్రిది. వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న ఈస్ట్‌కోస్ట్ లైను 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. ఆ పట్టాల వెంబడే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల జనం ఇక్కడి వర్క్‌షాపు గేటు దాకా వచ్చారు. తాత ఆ గేటు దాటాడు, తండ్రి దాటాడు, కొడుకూ దాటాడు. 1955 నాటికి పేరు మారి సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది గాని, గేటు దాటే మనుషులు మారలేదు.

అలాంటి ఊళ్లో అరవయ్యో ఏట ఒక మనిషి పేరు మీద ఒక వస్తువు రిజిస్టరయితే ఏమవుతుంది? సొంతబండి మావ తయారవుతాడు. మథురాకాటీలో ఒకడుంటాడు, నింపురాలో ఒకడుంటాడు, మలంచా వైపు ఇద్దరుంటారు. ముఖాలు వేరు, మాట ఒకటే. అందర్నీ కలిపి ఒకే మావగా చెప్పుకున్నా ఎవరికీ కోపం రాదు. ప్రతివాడూ ఇది పక్కవాడి గురించే అనుకుంటాడు.

మావ వర్క్‌షాపులో ఫిట్టరు. ముప్పై ఏళ్లకు పైగా బోగీలు విప్పి బిగించాడు. రిటైరైన రోజున మెడలో దండ పడింది, ఆ తర్వాత బ్యాంకులో పీఎఫ్, గ్రాట్యుటీ పడ్డాయి. ఆ డబ్బు చూడగానే ఇంట్లో మూడు అభిప్రాయాలు లేచాయి. తాల్‌బాగిచాలో మొదలెట్టిన ఇల్లు పూర్తి చేద్దామని అత్త. కారు కొందామని కొడుకు. తనకు చేబదులు కావాలని బావమరిది. మావ ఎవరి మాటా తీసెయ్యలేదు. ఇల్లు సగం పూర్తి చేశాడు, కారుకు బదులు చేతులు మారిన టాటా ఏస్ కొన్నాడు, బావమరిది ఎక్కడికెళ్లాలన్నా అందులో ఊరికే దింపుతానని మాటిచ్చాడు.

టాటా ఏస్ 2005లో వచ్చిన బండి. రెండు సిలిండర్లు, 702 సీసీ ఇంజను, ముప్పావు టన్ను సరుకు. దేశమంతా దాన్ని ఛోటా హాథీ అంటుంది. మావ దృష్టిలో మాత్రం భూమ్మీద బళ్లు రెండే రకాలు: 'మన బండి', 'అద్దెబళ్లు'. ఎదురింటి గుప్తా తన బండి తనే తోలుకుంటున్నా అదీ అద్దెబండే.

మూడు టన్నుల లోపు సరుకుబండికి పర్మిట్టు అక్కర్లేదని మోటారు వాహనాల చట్టంలో ఉంది. అయినా మావ ముగ్గురు దేవుళ్ల పర్మిట్టు తీసుకున్నాడు. అద్దానికి ఎడమ పక్క సింహాద్రి అప్పన్న, కుడి పక్క కాళీమాత, నడుమ జగన్నాథుడు. నడుమ జగన్నాథుడెందుకంటే, పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఊరెళ్లాలంటే బెల్దా, దాంతన్ దాటాక జలేశ్వర్ నుంచి ఇచ్ఛాపురం దాకా ఆయన రాజ్యమే. "ఎవరి ఇలాకాలో ఆరు చూసుకుంటారు" అని మావ ధీమా. ఇంతవరకు బండి ఊరు దాటి వెళ్లింది లేదు. సొంతూరికి మాత్రం మావ రైల్వే పాసు మీదే వెళ్తాడు.

ఇక బండి గుణగణాలు. స్టీరింగులో ప్లే ఉంది. తిప్పాక చక్రం కాసేపటికి ఒప్పుకుంటుంది. మావ దాన్ని లోపమనడు. "కుర్రోళ్లు ఊరికే తిప్పేస్తారని అలా ఎట్టించాను. నువ్వు తిప్పీసినా, అది ఆలోచించుకుని తిరుగుతాది" అంటాడు. డ్రైవరు వైపు తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. అద్దం దింపి, చెయ్యి బయటపెట్టి, పిడి లాగాలి. అది దొంగలకు తెలియని కిటుకు. రెండో గేరు పడాలంటే ముందు మూడోదానికి వెళ్లి వెనక్కి రావాలి. అది ఇంజనుకు ఇచ్చే మర్యాద. ఎనిమిదేళ్ల లోపు సరుకుబండికి రెండేళ్లకోసారి ఫిట్‌నెస్ పరీక్ష, ఆపైన ఏటేటా. మావ బండికి ఏటేటా. "మిగతా బళ్లకి రెండేళ్లకోపాలి పరీక్ష. మనది ఏటా రాసి ఏటా పాసవుతోంది" అని చాయ్ దుకాణంలో చెప్పి, విన్నవాళ్లకు చాయ్ కూడా ఇప్పిస్తాడు.

మావకు ఈ జబ్బు బండితో మొదలైందనుకుంటే పొరపాటు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని మించిపోయాయి. ఈ సంగతి నేను పేపర్లో చదివి వినిపిస్తే మావ పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఆళ్లకున్నది కొలత అల్లుడూ. మనకున్నది ప్లాట్‌ఫారం" అన్నాడు. తనదనుకున్నదాన్ని టేపు పట్టి కొలవడం మావకు నచ్చదు.

ఇంతటి బండి కూడా అప్పుడప్పుడు మెకానిక్కు దగ్గర పడుకుంటుంది. దాన్ని చెడిపోయిందనకూడదు, విశ్రాంతి తీసుకుంటోందనాలి. సరిగ్గా అలాంటప్పుడే ఎవరో రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, సామాను తరలించమని అడుగుతారు. అప్పుడు మావ అద్దెబండి ఎక్కక తప్పదు. ఆ రోజు ఆయన పక్కన కూర్చున్నవాడికి టిక్కెట్టు లేని నాటకం.

అద్దెబండికి డ్రైవరు కూడా వస్తాడు. మావ డ్రైవర్ని ఒప్పుకోడు, తనే తోలాలి. బండి యజమాని, అంటే బెంగాలీ దాదా, అనుమానంగా లైసెన్సు అడుగుతాడు. మావ లైసెన్సు కంటే ముందు 2024 నవంబరు నాటి పేపరు కత్తిరింపు తీస్తాడు. ఏడున్నర టన్నుల లోపు రవాణా బండిని మామూలు తేలికబండి లైసెన్సుతోనే తోలొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన తీర్పు అది. అయిదుగురు జడ్జీలు మావ వైపున్నారని తెలిశాక దాదా తాళం ఇవ్వక ఏం చేస్తాడు?

తర్వాత తనిఖీ. కొత్తకోడలి పులుసులో ఉప్పు చూసే అత్తగారి ముఖం పెట్టుకుని మావ బండి చుట్టూ తిరుగుతాడు. జేబులోంచి చిన్న సుత్తి తీసి చక్రం నట్లు ఒక్కొక్కటీ కొట్టి, చెవి ఆనించి వింటాడు. టైరు గీతల్లోకి రూపాయి బిళ్ల దింపి చూస్తాడు. వెనక డాలా గొలుసు లాగుతాడు, స్టెప్నీని తన్నుతాడు, కిందకి దూరి పట్టీలు చూసి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" కి దాదా గుండె జారుతుంది. చివరికి క్యాలెండరు కాయితం వెనక లోపాల జాబితా రాసి, కింద రెండు గీతలు గీసి, జాయింట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టని పేరుపెట్టి, దాదా చేత సంతకం చేయిస్తాడు. రైల్వేలో సంతకం లేకుండా రేకు ముక్క కూడా కదలదు. దాదా జన్మలో అద్దె కాయితమే రాయించుకోలేదు. ఆ తడబాటులో బెంగాలీలో సంతకం పెడతాడు. మావ అది చదవలేకపోయినా తలాడిస్తాడు.

ఒకసారి దొరికింది బొలేరో పికప్. రెండున్నర లీటర్ల ఇంజను, టన్నున్నర దాకా మోసేది. బండి బయల్దేరి వందగజాలు పోకముందే మావ విమర్శ మొదలైంది.

"ఏటల్లుడూ, ఇంజను సప్పుడే నేదు. తిరుగుతోందో సచ్చిందో ఎలా తెలుస్తాది?"

"కొత్త బండి కదా మావా, నెమ్మదిగా ఉంటుంది."

"నెమ్మదేటి? బండన్నాక ఎనకోడికి ఇనబడాల. నేకపోతే ఈడే దొంగోడనుకుంటారు."

స్టీరింగు తిప్పగానే చక్రం తిరిగింది. దానికీ కోపమే. మనిషికి మనసు మార్చుకునే వ్యవధి ఇవ్వని స్టీరింగు ప్రమాదకరమట. తలుపు లోపల్నుంచి తెరుచుకుంది. "ఏ సంటోడో ముట్టుకుంటే ఊడిపడిపోతాది" అన్నాడు. రెండో గేరు అడగ్గానే పడింది. మావ అలవాటుకొద్దీ మూడోదానికి వెళ్లి రెండోదానికి రాబోతే ఇంజను మూలిగింది. "సూసావా, అద్దెబండి బుద్ధి" అన్నాడు. గోల్‌బజారు సందులో సైకిలు రిక్షా అడ్డొస్తే హారనని నొక్కితే వైపరు ఆడింది. ఎండ మండిపోతుంటే అద్దం మీద వైపరు ఇటూ అటూ ఊగుతోంది. రిక్షావాడు దాన్ని పలకరింపనుకుని చెయ్యి ఊపాడు. మావ తల బయటపెట్టి "ఏక్టూ సొరో దాదా!" అని కేక పెట్టి పని జరిపించాడు.

ఇంకోసారి బొలేరో దొరకలేదు. అచ్చం మావ బండే దొరికింది: అదే ఏస్, అదే రంగు, అదే ఈడు. స్టీరింగులో అదే ప్లే. ఇక వంక పెట్టడానికేముందని సంతోషించాను. మావ స్టీరింగు అటూ ఇటూ ఆడించి నా వైపు చూశాడు.

"ఇదేటిది? నేనిప్పుడు తిప్పితే ఇది రేపు తిరుగుతాది. మనుసుల్ని సంపీడానికి ఎట్టారా బళ్లు?"

"మీ బండికీ అంతే కదా మావా!"

"మనదానికున్నది అలవాటు. దీనికున్నది రోగం."

ఇదీ మావ నోరు. మిగతా కథ మావ చేతులది.

ఆ రోజు సామాను దించాక ఇంటివాళ్లు చాయ్, బిస్కట్లు పెట్టి మావ కోసం చూశారు. మావ లేడు. బండి కింద రెండు కాళ్లు కనిపించాయి. పొద్దున్న జాబితాలో రాసుకున్న లోపాలన్నీ ఆయన ఒక్కొక్కటిగా సరిచేస్తున్నాడు. పట్టీల పిన్నులకు గ్రీజు పెట్టాడు. బ్యాటరీ కొనల మీద పూసిన తెల్లటి బూజు వేణ్నీళ్లతో కడిగాడు. డాలా కొక్కెం వంకర తీశాడు. వైపరు బిగించాడు. స్టీరింగు ప్లే కూడా సగానికి తగ్గించాడు. చేతులు పనిచేస్తున్నంతసేపూ నోరు బండిని, బండి దాదాని, దాన్ని కన్న కంపెనీని తిడుతూనే ఉంది. నోటికి సొంతం ఏదో, అద్దె ఏదో బాగా తెలుసు. చేతులకు తెలియదు. ఎలా తెలుస్తుంది? వర్క్‌షాపులో ఆ చేతులు ముట్టుకున్న చక్రం ఒక్కటీ మావది కాదు. ఆ బోగీల్లో వెళ్లినవాళ్లెవరో, ఎక్కడికెళ్లారో ఆయనకు తెలియదు. బ్రేకు పడాలి, చక్రం తిరగాలి, అంతే.

క్వార్టరు విషయంలోనూ ఇదే జరిగింది. ఖాళీ చేసే ముందు వారం రోజులు మావ తలుపు గొళ్లేలకు నూనె పెట్టి, కొళాయిలకు వాషర్లు మార్చి, కిటికీకి రంగేసి, తర్వాత వచ్చే ఎవరో ముక్కూ ముఖం తెలియని ఉద్యోగికి అప్పజెప్పి వచ్చాడు. తాల్‌బాగిచా సొంతింట్లో కొళాయి గృహప్రవేశం నాటి నుంచి కారుతోంది. బాగుచెయ్యమని అత్త పోరితే, "మన కొళాయే కదే, కారనీ" అంటాడు. అత్త దాని కింద బిందె పెట్టింది. బిందె నిండుతుంది, మావ మెచ్చుకుంటాడు: "సూడు, కరెంటు నేకపోయినా నీళ్లొస్తన్నాయి."

మళ్లీ అద్దెబండి దగ్గరికొస్తే, ఆ సాయంత్రం దాన్ని అప్పగించేటప్పుడు చేసిన పనికి కూలి లెక్కగట్టమని మావ పేచీ పెట్టాడు. దాదా బండెక్కి స్టార్టు చేసి, ఒక చుట్టు తిప్పి వచ్చి, మారుమాట లేకుండా అద్దెలో తగ్గించాడు. అంతటితో ఆగలేదు. ఈ సంగతి మిగతా దాదాలకు చేరవేశాడు. మర్నాటి నుంచి మావ గోల్‌బజారు వైపు వెళ్తే చాలు, బండి యజమానులు లేచి నిలబడతారు. "మామా, ఆజ్ ఆమార్ గాడీ" అని ఒకడు, సగం అద్దె చాలని ఇంకొకడు. క్లచ్ అరిగినవాడు ముందు నిలబడతాడు, బ్రేకు పట్టనివాడు వాణ్ని నెట్టుకొస్తాడు. డీజిల్ తానే పోయిస్తానన్నాడు ఒకడు. ఆ బండికి సైలెన్సరు పగిలి ఉంది.

మావ ఇదంతా తన డ్రైవింగుకు దక్కిన పేరనుకుంటాడు. కాదని చెప్పే ధైర్యం అత్తకు కూడా లేదు. చెబితే దాదాలందరూ కలిసి అత్త మీదికొస్తారు.

దీనివల్ల ఊళ్లో ఒక వింత జరిగింది. మావ ఎక్కిన అద్దెబళ్లన్నీ నెమ్మదిగా బాగుపడ్డాయి. తలుపులు లోపల్నుంచి తెరుచుకుంటున్నాయి, గేర్లు అడగ్గానే పడుతున్నాయి. మావ బండి ఒక్కటే కొన్ననాటి ప్లేతో, కొన్ననాటి తలుపుతో అలాగే ఉంది. దానిలో లోపమే లేనప్పుడు సరిచేయడానికేముంటుంది? మొన్న తన బండిలో నన్ను ఎక్కించుకుని, రెండో గేరు కోసం మూడోదాన్ని పలకరించి వస్తూ, పక్కనుంచి చప్పుడు లేకుండా దాటిపోయిన అద్దెబండిని మావ కాసేపు చూశాడు.

"సూసావా అల్లుడూ," అన్నాడు తృప్తిగా. "మన బండిని సూసి సూసి, ఈ మజ్జన అద్దెబళ్లు కూడా కొంచెం దారికొత్తన్నాయి."